ఇరవై అన్నదా, అరవై అన్నదా

సోమవారం

ఈ కాలపు టర్బోలకు గొంతు లేదు.

బేకరీ ఆయన తన ఎర్ర కారు మళ్లీ తీసుకొచ్చాడు. అద్దాలు దించి రోడ్డు చివరిదాకా నడిపి చూశాను. ఇంజన్ మోత తప్ప ఇంకేమీ లేదు. పాత రోజుల్లో టర్బో ఊదడం మొదలుపెడితే ఆ ఈలకు వీధి కుక్కలు లేచి కూర్చునేవి. పక్క సీట్లో ఉన్న మా బుల్లి, "ఈల వేస్తూనే ఉంది నాన్నా" అంది. వేస్తే నాకు వినపడదా? ఊళ్లో నన్ను చెవి మేస్త్రీ అంటారు. బండి గేటు దాటకముందే రోగం చెప్పేసినవాణ్ణి.

బేకరీ ఆయన గొడవేమిటంటే, పిచ్చి వేగమున్న ఈ బండిని మోజుపడి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు, ఇప్పుడు అందులో కేకులు మోస్తున్నాడు. కొండ రోడ్డు ఎక్కేటప్పుడు ఒకసారి కోతిలా గెంతుతుందట, ఒకసారి గాడిదలా మొరాయిస్తుందట. మూడంతస్తుల కేకు రెండంతస్తులై దిగుతోందట. గాలి ఒత్తిడి, అంటే బూస్టు, నిలకడగా ఉండేలా ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టమన్నాడు.

ఆయన ఇది చెప్తున్నంతసేపూ బుల్లి నా ఎదురుగా నిలబడి ప్రతి మాటా తిరిగి చెప్పింది. "కేకు విరిగిందట నాన్నా." "కొండ రోడ్డట నాన్నా." చిలక జోస్యంలా. ఇంజనీరింగ్ చదివిన పిల్లకు ఇదేం అలవాటో.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. మా ఆవిడ చెవి డాక్టరు దగ్గరికి పోదామని ప్రాణం తీస్తోంది. చెవి మేస్త్రీలోంచి చెవి తీసేస్తే మిగిలేది మేస్త్రీ. అలాంటివాళ్లు వీధికి పదిమంది.

మంగళవారం

మా ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని, "అసలేంటండీ మీ తండ్రీకూతుళ్ల గొడవ? ఆ సోలెనాయిడో గీలెనాయిడో, నాకూ కాస్త అర్థమయ్యేలా చెప్పండి" అంది. చెప్పాను.

"టర్బో అంటే ఊదుగొట్టం అనుకో. ఇంజన్ వదిలే పొగ ఊపుకి ఒక చక్రం తిరిగి, గాలిని మళ్లీ ఇంజన్లోకే ఊదుతుంది. మరీ ఊదితే ఇంజన్ పేలిపోతుంది. అందుకని పక్కన ఒక గేటు, దానికో కాపలావాడు. ఒత్తిడి తనకు తగలగానే వాడు గేటు తీసి పొగను పక్కదారి పట్టిస్తాడు."

"బుద్ధిమంతుడే."

"పిరికివాడు. చిటికెడు గాలి తగిలినా తీసేస్తాడు. అందుకని మధ్యలో సోలెనాయిడ్ పెడతాం. కరెంటుతో టపటపా తెరుచుకుని మూసుకునే చిన్న కవాటం. వాడిదాకా వెళ్లే గాలిలో కొంత పక్కకు తప్పిస్తుంది. వాడు ఒత్తిడి ఇంకా రాలేదనుకుని గేటు మూసుకుని కూర్చుంటాడు. బండి పరుగెడుతుంది."

"అంటే కాపలావాడికి అబద్ధం చెప్పే మిషను."

ఇంత చక్కగా మా బావమరిది కూడా చెప్పలేడు, పార్టుల కొట్టు పెట్టుకుని.

"అదే. నూటికి ఎంత అబద్ధం చెప్పాలో ఆ అంకెను డ్యూటీ అంటారు. నా పద్ధతిలో, ఏ వేగం దగ్గర ఎంత చెప్పాలో ముందే పట్టిక రాసి పెట్టేస్తాం. ఇక వెనక్కి తిరిగి చూడం. ఓపెన్ లూప్. మీ అమ్మాయిది క్లోజ్డ్ లూప్. అబద్ధం చెప్పడం, దాని ఫలితం ఏమైందో సెన్సార్లో చూసుకోవడం, మళ్లీ సర్దుకోవడం. ఎక్కువైందని తగ్గించి, తగ్గిందని పెంచి, తాగినవాడి నడక."

"మీ పద్ధతి నాకు పెళ్లైన దగ్గర్నుంచీ తెలుసులెండి" అంది. "చెప్పేస్తారు. వెనక్కి చూడరు."

తర్వాత ఏదో అడిగితే లేచి వెళ్లి ఒక కప్పు టీ పెట్టి తెచ్చి ఇచ్చాను. వింతగా చూసింది. ఆమె అన్నది "తప్పు మీదే" అని అట. నాకు "కప్పు ఇవ్వండి" అన్నట్టు వినపడింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడితే ఎవరికైనా అంతే. టీ మాత్రం తాగింది.

బుధవారం

బావమరిది సోలెనాయిడ్ తెచ్చాడు. రెండు గొట్టాలది తెమ్మంటే మూడు గొట్టాలది తెచ్చాడు. రెండు గొట్టాలది గాలిని కొంచెం కొంచెంగా కారుస్తుందంతే. మూడోది ఉంటే ఒక దారి మూసి ఇంకో దారి పూర్తిగా తెరుస్తుంది, కాపలావాడి మీద పట్టు ఎక్కువ. బుల్లి ఎగిరి గంతేసింది. మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పింది రెండని.

"నువ్వు ఫోన్లో రెండే అన్నావు బావా. మూడు గొట్టాలది తేనా అని నేనే అడిగాను. నువ్వు 'ఆఁ ఆఁ, నేను భోంచేశాను' అన్నావు."

అబద్ధాలకోరు. సోలెనాయిడ్లు అమ్మీ అమ్మీ అదే గుణం వచ్చింది.

గురువారం

రాయాలని లేదు. రాస్తేగాని కుదురుగా ఉండలేను.

ముందు నా పద్ధతే చూద్దామని బుల్లి ఒప్పుకుంది. తను కారు కింద పడుకుని గొట్టాలు బిగిస్తోంది. నేను ల్యాప్‌టాప్ ముందు. మొదటి అంకె ఎంత పెట్టమంటావని అడిగాను. కింద నుంచి చెప్పింది. పెట్టాను. బేకరీ ఆయన పక్కన కూర్చున్నాడు, డిక్కీలో పరీక్ష కోసం అట్టపెట్టెలో నిన్నటి కేకు. బుల్లికి ఇంకో బండి పని ఉండి షెడ్డులో ఆగిపోయింది.

కొండ రోడ్డు మొదట్లో కాలు అదిమాను. బండి లేచింది చూడండి, నా యవ్వనం నాకే గుర్తొచ్చింది. బేకరీ ఆయన నావైపు తిరిగి "జాలీ జాలీ!" అని అరిచాడు. సంతోషిస్తున్నాడనుకుని ఇంకాస్త తొక్కాను. మళ్లీ అరిచాడు. మళ్లీ తొక్కాను. ఠక్కున ఎవరో బండి మెడ పట్టుకుని వెనక్కి గుంజినట్టు ఆగింది. ఒత్తిడి హద్దు దాటిందని బండి కంప్యూటరే పెట్రోలు కట్ చేసింది. ఆయన నుదురు డాష్‌బోర్డుకు తగిలింది. కేకు వెనక అద్దానికి అంటుకుంది.

ఆయన అన్నది జాలీ కాదు. "గోళీలు! గోళీలు!" ఇంజన్లో గోళీలు గిలకరించినట్టు టకటకమని శబ్దం వస్తోందట. అంటే నాకింగ్. అంటే ఇంజన్ లోపల దెబ్బలు తింటోంది. ప్రపంచంలో ఎవరికి వినపడకపోయినా నాకు వినపడాల్సిన శబ్దం.

షెడ్డుకు వచ్చాక బుల్లి ల్యాప్‌టాప్ చూసింది. "ఇదేంటి నాన్నా, అరవై ఉంది?"

"నువ్వే కదా చెప్పావు."

"ఇరవై అన్నాను."

"అరవై అన్నావు."

 తను స్పార్క్ ప్లగ్ ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. తెల్లటి పింగాణీ మీద చిన్న చిన్న వెండి చుక్కలు. పిస్టన్ కరిగి చిమ్మిన చుక్కలు. ఇంకొంచెం తొక్కి ఉంటే ఇంజన్ పోయేది.

బేకరీ ఆయన నుదుటి మీద ఐసుముక్క పెట్టుకుని, "పోనీలెండి గురువుగారూ, కేకు నిన్నటిదే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం

అరవై అంది.

శనివారం

ఇరవైకీ అరవైకీ తేడా ఒక్క అచ్చు. ఈ అంకెలు పెట్టినవాణ్ణి అనాలి. ముప్పై, యాభై అనుకోండి, ఎవడూ పొరబడడు. బ్యాంకుల్లో ఎంతమంది కొంపలు మునిగుంటాయో. ఇదే మాట ఇంట్లో అంటే, భోజనానికి వచ్చిన బావమరిది కంచంలోంచి తలెత్తాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినలేక తెలుగు ఓడంటావేంటి బావా?"

మా ఆవిడ నవ్వింది. బుల్లి నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే పందెం కాస్తాను, అది మా వంశంలో ఉంది.

పందెం ఇదీ. అదే కారు, అదే రోడ్డు, అదే ఒత్తిడి: ఒక బార్. గేజీ మీద నల్ల టేపు. నా ఓపెన్ లూప్ పట్టిక నేను చెవితో వింటూ కుదురుస్తాను. ఒత్తిడి ఒక బార్ దాటితే నేనే చెప్పి కాలు తీయాలి. బుల్లి తన క్లోజ్డ్ లూప్ పెట్టుకుంటుంది. బావమరిది వెనక సీట్లో ల్యాప్‌టాప్ చూస్తూ న్యాయమూర్తి. నేను గెలిస్తే ఈ ఇంట్లో చెవి అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఓడితే డాక్టరు దగ్గరికి, నోరెత్తకుండా.

"చెవిపోగులు అనొచ్చా?" అంది మా ఆవిడ.

"అనొచ్చు. కొనమనకూడదు."

బేకరీ ఆయన మళ్లీ బండి ఇస్తానన్నాడు. హెల్మెట్ పెట్టుకుని వస్తాడట.

ఆదివారం

షెడ్డు సెలవు. ఒక్కణ్ణే వెళ్లి కారులో కూర్చుని ఇంజన్ రేపి కళ్లు మూసుకుని విన్నాను. బాగానే వినపడింది. ఇంజన్ మోత చాలా స్పష్టంగా వినపడింది.

ఈల మాత్రం లేదు. ఈ టర్బోకు లేదు, అంతే.

రోడ్డు మీద ఒక్కసారి టేపు కొంచెం ఎత్తి చూశాను. ఒక్కసారే. రెండోసారి ఎత్తింది మొదటిసారి సరిగ్గా కనపడక.

సోమవారం

చదునైన రోడ్డు మీద నేనే గెలిచాను. ముందు ఇది రాసి పెట్టాలి.

డ్యూటీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి, ఒకచోట "ఇదే" అన్నాను. బావమరిది వెనక నుంచి, "బావా, సరిగ్గా ఒకటి!" అన్నాడు. వాడి గొంతులో ఏడుపు నాకు బాగానే వినపడింది. చొక్కా కాలరు ఎగరేశాను. బుల్లి ముఖం విప్పారింది, తను ఓడిపోతోందన్న ధ్యాసే లేకుండా. ఆ ముఖం చూస్తే నాకు సిగ్గేసింది. నేను పట్టుకుంది చెవితో కాదు. నా నడుం సీటుకు ఎంత గట్టిగా అతుక్కుందో దాన్ని బట్టి. ఎన్నో ఏళ్లుగా నేను నడుంతోనే వింటున్నానని అప్పుడు తెలిసింది. ఈ మాట వాళ్లకు చెప్పలేదు.

తర్వాత కొండ ఎక్కాం. అదే పట్టిక, అవే అంకెలు. ఎత్తు మీద ఇంజన్ ఆగకుండా ఈడుస్తుంటే పొగ ఎక్కువ, ఊదడం ఎక్కువ. పట్టికకు ఆ సంగతి తెలియదు, దానికి కళ్లు లేవు కదా. ఎక్కువైతే చెప్పాల్సిన చెవిని నేను. ఎక్కుతూనే ఉన్నాను. హాయిగా ఉంది. చల్లగాలి. ఇంతలో బుల్లి చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. నొక్కలేదు, కొట్టలేదు. ఊరికే పెట్టింది. కాలు తీశాను.

"ఎంతైంది?" అన్నాను.

బావమరిది ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. గీత రెండో మలుపు నుంచే ఒకటి దాటి పోతోంది. మేం కొండ పైదాకా వచ్చేశాం.

"ఈల కూడా మారింది బావా. గొంతు చించుకుంది. పార్టులు అమ్ముకునేవాణ్ణి, నాకే వినపడింది." ఈసారి వాడు వెక్కిరించలేదు. వెక్కిరిస్తే ఒకటి పీకి ఉండేవాణ్ణి, అంతా మామూలుగా ఉండేది.

బుల్లి క్లోజ్డ్ లూప్ అదే కొండ మీద గుంజ పాతినట్టు నిలబడింది. గేరు మార్చినప్పుడల్లా మాత్రం కాస్త పైకి గెంతి కిందికి దిగింది. అది నేను పట్టుకున్నాను. "అక్కడ గెంతుతోంది చూడు" అన్నాను. "అవును నాన్నా" అంది వెంటనే, నాకేదో ఒకటి ఇవ్వాలని కాచుకుని ఉన్నట్టు.

వాదించడానికి నా దగ్గర ఒక మాట ఉంది. ఓడింది ఓపెన్ లూప్, నా చెవి కాదు అని. దారి పొడవునా ఆ మాట నోట్లోనే పెట్టుకుని వచ్చి, ఇంటికొచ్చాక మింగేశాను.

బుధవారం

చెవి పరీక్ష చేసే అమ్మాయికి మా బుల్లి వయసుండొచ్చు. గాజు గది. నెత్తిన హెడ్‌ఫోన్లు. చేతిలో ఒక బటన్. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. గాజుకు అవతల ఆ అమ్మాయి మీట తిప్పుతోంది.

మొదట్లో బాగానే నొక్కాను. కాసేపటికి నిశ్శబ్దం. కానీ ఆ అమ్మాయి మోచెయ్యి కదులుతోంది. మోచెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. ఎంతైనా మెకానిక్‌ని, ఎక్కడ ఏది కదిలితే ఏమవుతుందో పట్టడం నా వృత్తి. ఆ అమ్మాయి నా లెక్క చూసి ఆశ్చర్యపోయింది. కొంచెం ఆలోచించి, లేచి, కుర్చీ వెనక్కి తిప్పుకుని నాకు వీపు పెట్టి కూర్చుంది.

ఆ తర్వాత నేను బటన్ నొక్కలేదు. చాలాసేపు నొక్కలేదు. గాజు గదిలో కూర్చుని ఆ అమ్మాయి వీపు చూస్తూ ఉన్నాను. భయం వేసింది. ఇంత భయం బండి కింద జాకీ జారినప్పుడు కూడా వేయలేదు.

బయటికొచ్చాక కాగితం చూపించి విడమరిచి చెప్పబోయింది. అక్కర్లేదన్నాను. గీత ఎడమ పక్కన బాగానే ఉంది, కుడికి పోయేకొద్దీ జారి, చివర్లో పాతాళానికి దిగింది. పై వేగాల్లో గాలి అందని ఇంజన్ గీత ఇలాగే ఉంటుంది. జీవితమంతా ఇలాంటి గీతలు చూసి జనానికి రోగాలు చెప్పాను.

"కింది శబ్దాలు బాగానే ఉన్నాయండీ. మోటారు మోత, తలుపు చప్పుడు అన్నీ వినపడతాయి. పైవే పోయాయి. ఈలలు, పిట్టలు, మాటల్లో స, త, చ. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు. షెడ్డు మోతలో ఇన్నేళ్లు ఉన్నారుగా. ఒక్కరోజులో పోయేది కాదు. అందుకే మీకు తెలియలేదు."

మా ఆవిడ నా వెంటే వచ్చింది. అనాల్సింది అనడానికి ఆమెకు హక్కుంది. అయినా ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను "కప్పు నాదే" అన్నాను. పకపకా నవ్వి, ఆపకుండా నవ్వి, చివరికి పమిటతో కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం

చెవి మిషను వచ్చింది. డబ్బాలో ఉంది. డబ్బా బీరువాలో ఉంది.

శనివారం

బావమరిది వచ్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాతల తరం కాదన్నాడట అనే సామెత చెప్పి, "ఇన్నాళ్లూ నువ్వు టర్బోలను అన్నది అదే బావా" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి వాడు మెట్లు దిగుతూ ఇంకేం గొణుగుతున్నాడో తెలియాలి. అందుకని పెట్టుకున్నాను.

వాడు గొణిగింది: "పాపం, నొచ్చుకున్నాడేమో."

ఇల్లంతా రణగొణధ్వని. పేపరు మడిస్తే రేకు చింపినట్టుంది. నా చెప్పులు అరుస్తున్నాయి. కుట్టుమిషను చక్రం కిచకిచమంటోంది, దానికి నూనె లేక ఎన్నాళ్లైందో, మెకానిక్ ఇంట్లో. ఇక మా ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ నన్ను తిడుతుంది! లోగొంతుకతో, తీరుబడిగా, రాగం తీస్తూ. "తడి తువ్వాలు మంచం మీదేనా, మహారాజా, మీకు మంచమే దండెమా..." గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాను. ఎంత బాగా తిడుతుందో. ఇన్నేళ్లూ టిక్కెట్టు కొన్న ఆట చూడకుండా నిద్రపోయాను.

వెనక్కి తిరిగి నన్ను చూసి కంగారు పడింది. "ఆపకు" అన్నాను.

సోమవారం

ఎర్ర కారు పని పూర్తయింది.

బుల్లి రెండు పద్ధతులూ కలిపింది. కింద పునాదిగా నా పట్టిక. ఈ వేగంలో ఇంత అని ముందే చెప్పే అంచనా. దాని మీద తన దిద్దుబాటు. సెన్సారు చూసి ఇటో పిసరు, అటో పిసరు. అంచనా ముందే ఉంది కాబట్టి దిద్దుబాటు గేరు మారినప్పుడు గెంతదు. దిద్దుబాటు ఉంది కాబట్టి కొండ మీద అంచనా గుడ్డిగా పోదు. "పెద్ద కంపెనీల వాళ్లూ ఇలాగే చేస్తారు నాన్నా" అంది. అలాంటప్పుడు మొదటిరోజే చెప్పొచ్చు కదా అనబోయి ఊరుకున్నాను. ఏం చెప్పిందో, నేనేం విన్నానో.

రోడ్డు మీదకు తీసుకెళ్లి కాలు అదిమాను. పాడు టర్బో, ఎంత అరుస్తుంది! బెదిరి కాలు తీసేశాను. గేజీ చూస్తే సగం ఒత్తిడి కూడా లేదు. మళ్లీ తొక్కాను. ఈల సన్నగా మొదలై, పైకి పైకి పోయి, ఒకచోట నిలబడింది. కొండ పైదాకా కదల్లేదు. వెనక సీట్లో కేకు పెట్టెను ఒళ్లో పెట్టుకున్న బేకరీ ఆయన, "జాలీగా ఉంది గురువుగారూ" అన్నాడు. ఈసారి నిజంగా అదే అన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక బుల్లి బానెట్ కింద తల పెట్టి గొట్టాల బిగింపులు ఆఖరిసారి చూస్తోంది. నేను వెనక బల్ల దగ్గర పానాలు తుడుస్తున్నాను. రెండు మూడు రోజులుగా నాలో ఒకటి నలుగుతోంది. బండి రోగం నేను చెప్పలేకపోతే తనే చూసి, నేను చెప్పినట్టుగా కస్టమర్లకు చెప్పేది. ఎవరొచ్చినా నా ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా, వాళ్ల మాటలన్నీ తిరిగి చెప్పేది. చిలక అనుకున్నాను. ఈ ఊళ్లో నేనింకా చెవి మేస్త్రీగా ఉన్నానంటే ఆ చెవి నాది కాదు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను.

"చాలా రోజులైంది నాన్నా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

తను తల ఎత్తలేదు. నావైపు తిరగలేదు. గొంతు పెంచలేదు. ఇంజన్లోకి చూస్తూ మామూలుగా, తనలో తను అనుకున్నట్టు అంది.

"చెప్పాను నాన్నా. చాలాసార్లు చెప్పాను."

చేతిలో పానా బల్ల మీద పెట్టేశాను. ప్రతి అక్షరం వినపడింది, చ కూడా.

"ఇంకా ఏమేం చెప్పావు?" అన్నాను.

అప్పుడు తిరిగింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నన్ను చూసింది.

"చాలా ఉన్నాయి. స్టూలు లాక్కో."

లాక్కున్నాను.